జ్వరము వచ్చిన రాత్రి

బుధవారమునాడు ఉదయము పది గంటల వేళ టీకాపెట్టెను భుజమునకు తగిలించుకొని టీకాలు వేయు నర్సమ్మ, అనగా ఏ.ఎన్.ఎం., కదిరి ప్రాంతపు తాండాలలో నొకదానికి చేరునప్పటికి, అచ్చట ఇండ్ల ముంగిళ్ళలో కనబడువారు ముసలివారును, మేకపిల్లలును మాత్రమే. శెనక్కాయ చేలలో కలుపు తీయుటకో చెట్టు పెరుకుటకో తల్లులు చీకటితోనే పోయియుందురు. చేలలో పని లేని యేడు — ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయైనను నికరముగా కురియని యీ సీమలో అట్టి యేడులే మెండు — బిడ్డను చంకనెత్తుకొని బెంగుళూరు కట్టడపు పనులకు పోయియుందురు. తాళము వేసిన తలుపును చూచి ఆమె మరలిపోవును. ఆ బిడ్డ పేరు టీకా పడనివారి జాబితాలోని కెక్కును. ఆ జాబితా మండలము దాటి, జిల్లా కేంద్రము చేరి, సమీక్షా సమావేశమున ఎవరో చదువునప్పటికి 'ప్రజలలో అవగాహన లేదు' అను వాక్యముగా మారిపోయి యుండును. తాళమును అజ్ఞానముగా మార్చు ఈ రసవాదము మన కార్యాలయములకు తప్ప మరెవ్వరికిని తెలియదు.

టీకా గుణమును గూర్చి నాకు లేశమును సందేహము లేదు. అమ్మవారు పోసిన యింటికి వేపమండలు కట్టి, బిడ్డ బ్రతికినచో కన్ను మిగిలినదా లేదా యని చూచుకొన్న తరము వారు నిన్నమొన్నటివరకు మన నడుమ నుండిరి. మన దేశమున మశూచి 1975తో ముగిసినది. 1980లో ప్రపంచమే దానినుండి విముక్తమైనట్లు ప్రకటించిరి. పోలియో సోకిన కడపటి బిడ్డ 2011 జనవరిలో హౌరా జిల్లాలో కనబడినది. 2014 మార్చిలో మనకు పోలియోరహితమను ధ్రువపత్రము దక్కినది. కాని విజయమునకు ఒక విచిత్రమైన శాపము కలదు. కంఠసర్పితో గొంతు మూసికొనిపోయిన పసివానిని, కోరింత దగ్గుతో నీలమెక్కిన శిశువును నేటి యిరువది యేండ్ల తల్లి కన్నులార చూచి యెరుగదు. ఆమె చూచినది టీకా వేసిన నాటి రాత్రి వచ్చిన జ్వరమును మాత్రమే. చూడని రోగమునకు వెరవక, చూచిన జ్వరమునకు వెరచుట అవివేకమా? మనలో ఎవ్వరమైనను అట్లే చేయుదుము.

ఈ ప్రాంతపు తల్లులు నర్సమ్మతో ననెడు మాట యొకటి కలదు: "సూదేపిస్తే రాత్రంతా జరమే. తెల్లారితే నేను కూలికి పోవల్ల. పిల్లోన్ని నువ్వొచ్చి ఎత్తుకుంటావా, సిస్టరమ్మా?" ఈ మాటలో మూఢవిశ్వాసము నాకెచ్చటను కనబడలేదు, కనబడినది కూలిలెక్క. ఆరు, పది, పదునాలుగు వారములకు వేయు పెంటావాలెంట్ సూది వలన జ్వరమును, తొడ వాపును కొందరు బిడ్డలకు వచ్చుట సహజము. ఒకటి రెండు దినములలో అవి తగ్గుటయు సహజమే. ఈ సంగతిని సూది వేయుటకు ముందే నెమ్మదిగా చెప్పి, పారాసిటమాల్ చుక్కలు చేతికిచ్చి, ఎన్ని చుక్కలో చూపి పోయినచో, జ్వరము చెప్పి వచ్చిన చుట్టమగును. చెప్పక పోయినచో అదే జ్వరము నమ్మకద్రోహమగును. తాండా యంతయు తెల్లవారునప్పటికి ఆ వార్త వినును. తరువాతి బుధవారము పది తలుపులకు తాళములు పడును.

సందేహము నిరక్షరుల సొత్తనుకొనువారు ఒక పాత చరిత్రను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మన దేశమున క్షయ నివారణకు వేయు బి.సి.జి. టీకా 1948లో తొలుత మొదలైన చోట్లలో కదిరికి దూరము కాని మదనపల్లె యొకటి. ఆ యూరి చెంతనే ఆనాడు ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము ఉండెను. తరువాత ఏడేండ్లకు, 1955లో, ఆ టీకాను వ్యతిరేకించుచు పుస్తకము ప్రకటించినవాడు గవర్నర్ జనరలుగాను, మదరాసు ముఖ్యమంత్రిగాను పనిచేసిన చక్రవర్తి రాజగోపాలాచారి! జీవించియున్న క్రిములను ఆరోగ్యవంతులైన పిల్లల దేహములలోనికి మూకుమ్మడిగా ఎక్కించుట తగదని ఆయన వాదము. ఆనాటి ఆరోగ్యమంత్రిణి రాజకుమారి అమృత్ కౌర్ టీకా పక్షమున నిలిచెను. టీకా హానికరమను భయము విషయమున రాజాజీ పొరబడెను. కాని దాని ప్రయోజనమును గూర్చి ప్రచారము చెప్పినదంతయు నిజము కాలేదు. 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభించిన మహాపరిశోధన ఫలితములు 1979లో వెలువడినప్పుడు, పెద్దవారి శ్వాసకోశ క్షయను ఆ టీకా ఆపజాలదని తేలినది. పసిబిడ్డలకు మెదడు పొరలకు సోకు ఘోరమైన క్షయనుండి అది రక్షించును గనుకనే నేటికిని పుట్టిన వెంటనే వేయుచున్నారు. ఈ రెండు సంగతులను ఒకే యూపిరిలో చెప్పగల ధైర్యము ప్రచారశాఖలకు ఎప్పుడు కలుగునో! ఎక్కువ చెప్పి కొంత నిజమగుట కంటె, తక్కువ చెప్పి అంతయు నిజమగుట మేలు.

ఎక్కువ చెప్పుట అటుండగా, కల్పించి చెప్పినవారును లేకపోలేదు. తెలుగు సంస్కృతజన్యము కాదని 1816లో కాంప్‌బెల్ వ్యాకరణమున నిరూపించి మనకు ప్రాతఃస్మరణీయుడైన ఎల్లిస్ దొరయే, గోమశూచి టీకాను హిందువులచే అంగీకరింపజేయుటకై శక్తికిని ధన్వంతరికిని సంవాదమైనట్లు తమిళమున ఒక కథ నల్లెను. ఉద్దేశము మంచిదే. ఐనను, దేవతచే అబద్ధమాడించి మనుష్యులచే నిజము నమ్మించుట యెట్టి విద్యయో నాకు బోధపడదు.

ఇంతకంటె బాధాకరమైనది మన కాలమున, మన రాష్ట్రముననే జరిగినది. 2009లో నాటి ఉమ్మడి రాష్ట్రపు ఖమ్మం జిల్లాలో వేలకొలది బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరు నివారణ టీకాను ఒక పరిశీలనా కార్యక్రమము క్రింద వేసిరి. వారిలో పలువురు గిరిజన వసతిగృహములలోని పిల్లలు. కొందరు బాలికలు మరణించినందున 2010లో ఆ కార్యక్రమమును నిలిపివేసిరి. మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు, టీకా మంచిదే. తేలినది వేరొకటి. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తన నివేదికలో 9,543 అంగీకారపత్రములను పేర్కొనుచు, వానిలో 2,763 పత్రములపై వసతిగృహ వార్డెనులు సంతకములు చేసిరనియు, 1,948 పత్రములపై వేలిముద్రలే కలవనియు తెలిపెను. కన్నతల్లి నడుగుట తీరిక లేని పనియని యెవరో తలచిరి. ఆ తలపు చేసిన చెరుపు టీకా చేయగల మేలుకంటె వేగముగా కొండలు దాటి ప్రయాణము చేసినది.

మందునకు గాని దానిని చేరవేయు శక్తికి గాని కొరత లేదు. కోవిడ్ కాలమున, 2021 జూన్ 20వ తేదీన ఒక్కనాడే రాష్ట్రమున 13 లక్షలకు పైగా డోసులు వేసిరి. తలుపు తట్టినవారు ఆ వీథివారే యగుట అందు కొంత పని చేసినదని నా అభిప్రాయము. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురము వచ్చి స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ పల్లెలోని స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దినది. బయటి డాక్టరు చెప్పిన మాటను తోటి కూలి స్త్రీ మరల చెప్పినప్పుడు ఆ మాటకు కలుగు బరువు వేరు. ఏలయన, ఆ మాట తప్పైనచో నిలదీయుటకు ఆమె రేపు అదే బోరింగు కడ దొరకును.

ఇక తాళముల సంగతి. ఇచ్చట ఆడుబిడ్డ తొలికాన్పునకు పుట్టింటికి పోవుట ఆచారము. బిడ్డ పుట్టినది ఒక మండలము, మూడవనెలలో చేరినది అత్తవారి మండలము, ఆరవనెలలో పోయినది బెంగుళూరు. పుట్టింటి ఏ.ఎన్.ఎం. 'వెడలిపోయినది' అని వ్రాసికొనును, అత్తింటి ఏ.ఎన్.ఎం. 'ఇంకను రాలేదు' అని వ్రాసికొనును. కట్టడము వద్ద వ్రాసికొనువారే లేరు. మూడూళ్ళ బిడ్డ ఏ యూరికిని బిడ్డ కాకపోవును. ఫోనులోని యాపులు ఈ చిక్కును కొంత తీర్చవచ్చును. కాని పోలియో కాలమున గుంతకల్లు, ధర్మవరము వంటి జంక్షనులలో రైలు దిగిన ప్రతి పసివాని చిటికెనవ్రేలి సిరాగుర్తును చూచి, లేనిచో అచ్చటనే చుక్కలు వేసిన పద్ధతి యే యాపు కంటెను సరళము. బెంగుళూరు బస్సులు నిలుచు కదిరి, హిందూపురము స్టాండులలో పండుగలకు ముందు వెనుకల టీకాబల్ల యొకటి వేయుట కేమి యడ్డము? బుధ శనివారముల పగటి వేళతో పాటు, కూలి నుండి మరలి వచ్చిన సాయంకాలము తాండాలో ఒక గంట కూర్చుండుట కేమి యడ్డము? ఏ.ఎన్.ఎం. కూడ ఒక యింటి యిల్లాలే గనుక, ఆ గంటకు భత్యమును, చీకటిలో తిరుగు ప్రయాణమునకు బండిని ఇచ్చి యడుగవలెను. ఉత్తర్వు వ్రాసి యడుగరాదు.

భయపెట్టి సూది వేయించుటకు పథకములను, కార్డులను ముడిపెట్టవలెనను వారితో నేను ఏకీభవింపను. భయముతో తొలి సూదికి వచ్చిన తల్లి రెండవ సూదికి బెంగుళూరులో నుండును.

నేను కోరునది చిన్న సంగతి. టీకా పడిన పిల్లల సంఖ్య వ్రాయు రిజిస్టరులో, మరునాటి ఉదయము ఏ.ఎన్.ఎం. గాని ఆశా కార్యకర్త గాని ఆ యింటికి పోయి బిడ్డ నొసటిపై చేయి వేసి చూచినదా అని వ్రాయుటకు ఇంకొక గడి గీయవలెను. సమీక్షా సమావేశమున మొదట ఆ గడినే చదువవలెను. ఆ వేళకు తల్లి చద్దిమూట కట్టుకొని గడపలో నిలిచి, పనికి పోవుదునా, మానుదునా యని తర్కించుకొనుచుండును.