అభిమానికి అధికారమెంత?

చీమకుర్తి గనుల నుండి వెలువడే కృష్ణశిలలో సువర్ణరేణువుల వంటి మెరుపు ఉంటుంది. లోకం దానిని గెలాక్సీ గ్రానైట్ అని పిలిచి, సముద్రాలు దాటించి తీసుకుపోతుంది. అయితే ఆ దిమ్మెను కొనవచ్చిన అనుభవజ్ఞుడు ముందుగా మెరుపును చూడడు. దానిమీద నీళ్ళు పోయిస్తాడు. రాయి అంతటా తడి ఆరిన తరువాత కూడా ఎక్కడైనా వెంట్రుకవాసి గీత తడిగా మిగిలితే, అక్కడ చీలిక ఉన్నదని గ్రహిస్తాడు. నునుపు పెట్టడం, మెరుగు దిద్దడం ఆ తరువాతి మాట.

2021 మే 13న భారత మహిళా క్రికెట్ జట్టుకు ప్రధాన శిక్షకునిగా రమేశ్ పవార్ నియమితుడైనట్లు ప్రకటన వెలువడినప్పుడు, చీమకుర్తి మొదలుకొని సికింద్రాబాదు వరకు ఎందరో తెలుగు క్రీడాభిమానుల నోట వచ్చిన ప్రశ్న ఇటువంటిదే. ఈ రాతిమీద నీళ్ళు పోసి చూశారా అని వారు అడిగారు. మహమ్మారి రెండవ విజృంభణలో దేవాలయ దర్శనాలు సైతం కుదించుకుపోయి, జనులు గృహాలకే పరిమితమైన రోజులవి. చేతిలో ఫోను తప్ప వేరే వ్యాపకం లేని యువకులు నియామకాన్ని తూర్పారబట్టారు. పెద్దలు కొందరు, "ఆటకు ఇంత ఆవేశమా" అని విసుక్కున్నారు. ఆ విసుగు సులభమైనది. ఆ ఆవేశంలో ధర్మసంబంధమైన అంశం ఎంత, అహంకార సంబంధమైనది ఎంత అని వేరుచేసి చూడడం కష్టం. జిజ్ఞాసువులకు ఉపకరించేది ఆ కష్టమైన పనే.

వృత్తాంతాన్ని ముందు స్మరించాలి. తమిళ కుటుంబంలో జోధ్‌పూర్‌లో జన్మించి, సికింద్రాబాదులో పెరిగి, భరతనాట్యం అభ్యసించి, ఆ పాదగతిని క్రీడారంగానికి తెచ్చిన మిథాలీ రాజ్‌ను తెలుగువారు తమ ఇంటి ఆడపడుచుగానే భావించారు. 1999లో ఐర్లండుపై శతకంతో ఆరంభించిన ఆమె, 2005లోను 2017లోను జట్టును ప్రపంచకప్ తుదిపోరు వరకు నడిపించింది. 2018 నవంబరులో వెస్టిండీస్‌లో జరిగిన ట్వంటీ20 ప్రపంచకప్‌లో పాకిస్తాన్‌పైన, ఐర్లండుపైన అర్ధశతకాలు చేసింది. అయినా నవంబరు 22న ఇంగ్లండుతో సెమీఫైనల్‌లో ఆమెకు జట్టులో స్థానం లభించలేదు. భారత్ 112 పరుగులకే కుప్పకూలి, 8 వికెట్ల తేడాతో ఓడిపోయింది. అప్పటి శిక్షకుడు పవార్ తనను అవమానించాడని ఆమె క్రికెట్ మండలికి లేఖ వ్రాసింది. ఆమె వ్యవహారశైలి జట్టుకు ఇబ్బందికరంగా ఉన్నదని ఆయన నివేదిక సమర్పించాడు. హర్మన్‌ప్రీత్ కౌర్, స్మృతి మంధాన ఆయననే కొనసాగించమని కోరారు. ఆయన పదవీకాలం ఆ నెలాఖరుతో ముగిసింది. మండలి దానిని పొడిగించక, డిసెంబరులో డబ్ల్యూ.వి. రామన్‌ను నియమించింది. రామన్ శిక్షణలో జట్టు 2020 మార్చి 8న మెల్‌బోర్న్‌లో 86,174 మంది సమక్షాన ప్రపంచకప్ తుదిపోరు ఆడింది. ఏడాది తరువాత స్వదేశంలో దక్షిణాఫ్రికా చేతిలో పరాజయం ఎదురైంది. అప్పుడు రామన్ స్థానంలోకి మళ్ళీ పవారే వచ్చాడు. మిథాలీ ఇంకా వన్డే, టెస్టు జట్ల సారథిగానే ఉన్నది.

ఇక "అభిమాని" అనే పదం సంగతి. తెలుగులో అభిమానమంటే ప్రేమ, ఆదరం. సాంఖ్యశాస్త్రంలో మాత్రం అభిమానమే అహంకారానికి లక్షణం. "ఇది నేను, ఇది నాది" అని ఆరోపించుకునే వృత్తికి ఆ పేరు. ఒకే శబ్దం రెండు చోట్ల రెండు ముఖాలతో కనిపించడం కేవలం భాషావిశేషం కాదు. క్రీడాభిమాని హృదయంలో ఈ రెండు ముఖాలూ ఒకేసారి ఉంటాయి. "మా మిథాలీ" అన్నప్పుడు ఆ "మా"లో ఆత్మీయత ఉన్నది, స్వామ్యబుద్ధి కూడా ఉన్నది. ఆమెకు జరిగిన అవమానం తనకు జరిగినట్లు అతడు బాధపడతాడు. ఆ బాధ నిజమైనదే. కాని ఆమె తరఫున క్షమించే అధికారంగాని, క్షమించకుండా ఉండే అధికారంగాని అతనికి ఎక్కడి నుండి వచ్చింది?

తైత్తిరీయంలోను, కఠోపనిషత్తు పఠనంలోను గురుశిష్యులు కలిసి పలికే శాంతిమంత్రాన్ని దేవాలయానికి వచ్చే పసివారు సైతం ఎరుగుదురు. అందులోని క్రియలు ద్వివచనంలో ఉన్నాయి. మన ఇద్దరినీ రక్షించుగాక, మనమిద్దరమూ కలిసి వీర్యవంతమైన పని చేయుదుము గాక అని దాని భావం. చివరి కోరిక, మన ఇద్దరి మధ్య ద్వేషం పుట్టకుండుగాక అన్నది. ఋషులకు అమాయకత్వం లేదు. గురుశిష్యుల మధ్య ద్వేషం పుట్టే అవకాశం ఉన్నదని వారికి తెలుసు. తెలిసే, పాఠారంభానికి ముందే ప్రతిదినమూ దానిని నివారించమని వేడుకోవాలని విధించారు. ఆ ద్వివచనంలో మూడవవానికి చోటు లేదు. ప్రేక్షకుడు వేదికకు ఎంత దగ్గరగా కూర్చున్నా ఆ "మన ఇద్దరి"లో ఒకడు కాలేడు.

ప్రకాశం జిల్లా వారికి దీనికి ఇంటి ఉదాహరణే ఉన్నది. ఒకప్పుడు ఈ జిల్లాలో ఉండిన నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్, 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత, తరువాత శిక్షకుడైనాడు. ఆయన శిష్యురాలు సైనా నెహ్వాల్ 2014లో ఆయనను వీడి బెంగళూరులో విమల్ కుమార్ వద్దకు వెళ్ళింది. అభిమానలోకం రెండుగా చీలి వాదులాడింది. మరుసటి ఏడు ఆమె ప్రపంచ ప్రథమస్థానం అందుకున్నది. 2017లో తిరిగి గోపీచంద్ వద్దకే వచ్చింది. వెళ్ళడమూ రావడమూ ఆ ఇద్దరి నిర్ణయాలే. చీలిన అభిమానులలో ఎందరు ఆమెతోపాటు తిరిగి వచ్చారో చెప్పలేము.

అట్లయితే 2021 మేలో వెల్లువెత్తిన నిరసన కేవలం అహంకార విలాసమేనా? అట్లా తేల్చివేయడం అన్యాయం. నిరసనకారులు అడిగినవాటిలో ఒక ప్రశ్న న్యాయసమ్మతమైనది. నియామక ప్రకటనలో ముప్పై ఐదుకు పైగా దరఖాస్తులు వచ్చినట్లు, మదన్‌లాల్, సులక్షణా నాయక్, ఆర్.పి. సింగ్‌లతో కూడిన సలహాసంఘం ఏకగ్రీవంగా పవార్‌ను ఎంపిక చేసినట్లు చెప్పారు. ఆయన రెండు టెస్టులు, ముప్పై ఒక్క వన్డేలు ఆడినవాడనీ, అదే సంవత్సరం ముంబయి జట్టు ఆయన శిక్షణలో విజయ్ హజారే ట్రోఫీ గెలిచినదనీ అందరికీ తెలిసిన విషయమే. ఆయన విద్వత్తును ఎవరూ శంకించలేదు. తర్కశాస్త్రంలో సిద్ధసాధనమని ఒక దోషం చెబుతారు. ప్రతివాది ఒప్పుకున్న విషయాన్నే మళ్ళీ సాధించడం ఆ దోషం. వివాదాస్పదమైన అంశం ఆయన క్రీడాపాండిత్యం కాదు. ఒకే శిష్యురాలితో మూడేళ్ళ క్రితం తెగిన బంధం మళ్ళీ ఎట్లా అతుకుతుందన్నది అసలు ప్రశ్న. దానికి ప్రకటనలో హేతువు లేదు. హేతువును కోరడానికి ప్రేక్షకునికి కూడా అధికారమున్నది. సభలో కూర్చున్నవాడు ప్రశ్న వేయకూడదని ఏ శాస్త్రమూ చెప్పలేదు. కౌరవసభలో ద్రౌపది వేసిన ప్రశ్నకు పెద్దలు మౌనం వహించినందుకే ఆ సభ నేటికీ నిందపాలవుతున్నది.

ఆ నిరసనలో దోషం ఇంకొక చోట ఉన్నది. "ఈయన నియామకం తప్పు" అన్నవాడు కొద్దికాలానికే తన మాట నిజం కావాలని కోరుకోనారంభిస్తాడు. అది నిజం కావాలంటే జట్టు ఓడాలి. తాను ప్రేమించే జట్టు ఓటమిలో తన వాదవిజయాన్ని వెదకే స్థితికి మనసు జారడానికి రెండు పరాజయాలు చాలు. భక్తులలోనూ ఇది కనిపిస్తుంది. కొత్త ధర్మకర్త హయాంలో ఉత్సవం వెలవెలబోతే, "చెప్పలేదా" అని సంతోషించేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. ఆ క్షణంలో వారికి దేవుడు గుర్తుండడు.

భారతంలో ఈ సందర్భానికి అతి సమీపమైన ఘట్టం ఉద్యోగపర్వంలో ఉన్నది. కౌరవసేనకు భీష్ముడు అధిపతి. రథికులను, అతిరథులను లెక్కించే వేళ ఆయన కర్ణుని అర్ధరథునిగా తగ్గించి చెప్పాడు. ద్రోణుడు దానిని సమర్థించాడు. నిండుసభలో అవమానితుడైన కర్ణుడు, భీష్ముడు జీవించి ఉన్నంతకాలం యుద్ధం చేయనని శపథం పట్టాడు. పది దినాలు మహావీరుడొకడు శిబిరంలో ఊరక కూర్చున్నాడు. కర్ణుడంటే తెలుగువారికి ప్రాణం (చలనచిత్రాల పుణ్యం ఇందులో కొంత ఉన్నది), కనుక తప్పు భీష్మునిదేనని తీర్పు చెప్పడానికి అందరూ సిద్ధంగా ఉంటారు. కాని వ్యాసుడు కథను అక్కడ ఆపలేదు. భీష్ముడు శరతల్పగతుడైన తరువాత కర్ణుడు ఒంటరిగా ఆయన వద్దకు వెళ్ళాడు. భీష్ముడు రక్షకులను దూరంగా పంపి, ఒంటిచేత అతనిని దగ్గరకు తీసుకున్నాడు. తన పరుషవాక్యాలు అతని తేజస్సును తగ్గించడానికే అన్నాడు. అతని జన్మరహస్యం తనకు తెలుసునన్నాడు. ఆ సంభాషణకు ప్రేక్షకులు లేరు. అప్పటికి యుద్ధంలో పది దినాలు గడిచిపోయాయి. ఆ పది దినాలు ఎవరూ తిరిగి ఇవ్వలేనివి.

మిథాలీ కర్ణుని మార్గం పట్టలేదు. 2018 సెమీఫైనల్ వేళ ఆమెను వెలుపల కూర్చోబెట్టింది ఇతరులు. 2021లో అదే శిక్షకుని క్రిందకు రావలసివచ్చినప్పుడు, గతాన్ని గతంగానే విడిచానని ఆమె బహిరంగంగా చెప్పి బ్యాటు పట్టింది. జూన్‌లో బ్రిస్టల్‌లో టెస్టును భారత్ డ్రా చేసుకున్నది. తరువాతి మూడు వన్డేలలో ఆమె పరుగులు 72, 59, 75 నాటౌట్. జులై 3న వూస్టర్‌లో మూడవ వన్డేను గెలిపించి తీరం చేర్చింది. ఆ ఆటలోనే షార్లెట్ ఎడ్వర్డ్స్‌ను దాటి, మహిళల అంతర్జాతీయ క్రికెట్‌లో అత్యధిక పరుగులు చేసినదైంది. అప్పటికి ఆమె వయస్సు ముప్పై ఎనిమిది. నిరసన తెలిపిన అభిమానులలో చాలామంది ఆ రాత్రి ఆనందించారు. వారి ఆగ్రహానికి కారణమైన వ్యక్తి అదే డ్రెస్సింగ్ రూములో ఉన్నాడన్న సంగతి ఆనందానికి అడ్డు రాలేదు.

కథ సుఖాంతమని చెప్పడం సత్యదూరమవుతుంది. 2022 మార్చి 27న క్రైస్ట్‌చర్చ్‌లో దక్షిణాఫ్రికా చివరి బంతికి గెలిచింది. భారత్ ప్రపంచకప్ సెమీఫైనల్ చేరలేకపోయింది. మిథాలీ ఆ ఆటలో 68 పరుగులు చేసింది. జూన్ 8న ఆట నుండి విరమించింది. డిసెంబరులో పవార్‌ను బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీకి మార్చారు. అప్పుడు ఆ అకాడమీ అధిపతి హైదరాబాదు వాడైన వి.వి.ఎస్. లక్ష్మణ్. చివరి ఓవరులో పడిన ఒక నోబాల్ పడకపోయి ఉంటే ఆ నియామకాన్ని గురించి లోకం ఏమనేదో! ఫలాన్ని బట్టి నిర్ణయాన్ని తూచేవారికి ఇక్కడ తక్కెడ నిలవదు. నియామకం తప్పయితే వూస్టర్ గెలుపు నాడూ తప్పే. ఒప్పయితే క్రైస్ట్‌చర్చ్ ఓటమి నాడూ ఒప్పే. అది తప్పని చెప్పడానికి తగిన హేతువు ఒక్కటే ఉన్నది, అది 2021 మేలోనే ఉన్నది. చీలిక ఉన్నదో లేదో అందరి ఎదుటా పరీక్షించకుండా మెరుగు పెట్టారన్నదే ఆ హేతువు. ఆ మేరకు అభిమానుల పక్షమే సరియైనది.

అభిమానుల అంచనాలకు సైతం హద్దు ఉన్నదని తరువాతి చరిత్ర చూపింది. 2023 అక్టోబరులో ప్రధాన శిక్షకుడైన అమోల్ మజుందార్ భారత్ తరఫున ఒక్క అంతర్జాతీయ ఆటైనా ఆడినవాడు కాదు. దేశవాళీ ఆటలో పదకొండు వేలకు పైగా పరుగులు చేసి, పిలుపు కోసం ఎదురుచూసి వెనుదిరిగినవాడు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో భారత మహిళలు తొలిసారి ప్రపంచకప్ గెలిచినప్పుడు శిక్షకుడు ఆయనే. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్నది. బిరుదులను బట్టి గురువును ఎంచేవారు ఆయనను దరిదాపులకు కూడా రానిచ్చేవారు కారు.

ఈ విషయంలో గ్రామదేవాలయాల పెద్దలకు ఒక పద్ధతి తెలుసు. 1987 చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కును తొలగించిన తరువాత, ఊరికి తెలియని అర్చకుడు ఆజ్ఞాపత్రంతో వచ్చి నిలబడే సందర్భాలు ఏర్పడ్డాయి. ఊరు గొణుగుతుంది. "మా స్వామికి వీడెవడు" అంటుంది. ఆ గొణుగుడులో స్వామిమీద ప్రేమా ఉంటుంది, "మా" అన్న పట్టుదలా ఉంటుంది. గొణిగినవారే మొదటి సోమవారం అభిషేకానికి వస్తారు. వారిలో వృద్ధుడొకడు మండపస్తంభానికి చేరగిలబడి, రుద్రం ఆరంభం కాగానే కళ్ళు మూసుకుంటాడు. స్వరం తప్పిన చోట కళ్ళు తెరిచి చూస్తాడు. తప్పని చోట మూసుకునే ఉంటాడు. తీర్థం ఇచ్చే వేళకు లేచి, అందరితోపాటు చేయి చాపుతాడు.