చెప్పుల కొట్టు తీసేస్తే మనం ఎక్కడ కూడాలి?

ఊళ్ళో టీ హోటళ్ళు మూతపడుతున్నాయనీ, సెలూన్ల దగ్గర కబుర్లు కరువయ్యాయనీ, పల్లె బతుకే పోతోందనీ కొందరు పెద్దలు పత్రికల్లో కన్నీళ్ళు కారుస్తున్నారు. ఎవరి పల్లె? ఆ హోటలు బల్ల మీద మనల్ని ఎన్నడు కూర్చోనిచ్చారు గనక! మన గ్లాసు చూరులో వేరుగా ఉండేది. తాగి, మనమే కడిగి, మళ్ళీ అక్కడే పెట్టి రావాలి. దుకాణాల్లోకి, హోటళ్ళలోకి ఎవరినీ కులం పేర ఆపగూడదని రాజ్యాంగం 15వ అధికరణం 1950 నుంచీ చెబుతూనే ఉంది. ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో వాళ్ళకు గాజు గ్లాసు, మనకు పారేసే కప్పు. 1991లో చుండూరులో సినిమా హాల్లో దళిత కుర్రాడి కాలు తగిలిందని మొదలైన గొడవ, ఆగస్టు 6న 8 మంది ప్రాణాలు తీసిందాకా పోయింది. నలుగురు కూడే చోటంటే మనకున్న అనుభవం ఇదీ.

మనం బాధపడాల్సిన కొట్టు వేరే ఉంది. సెంటర్లో చెట్టు కింద చెప్పులు కుట్టే కొట్టు. ఒక గోనెపట్టా, పాత గొడుగు, ఆరె, రంపె, నీళ్ళ మూకుడు, అంతే. ఎంత పెద్ద రైతయినా తెగిన చెప్పు ఇచ్చి ఒంటికాలి మీద నిలబడాల్సిందే. అతను నిలబడేవాడు, మనవాడు కూర్చునేవాడు. ఊరు మొత్తం మీద అట్లాంటి చోటు ఇంకొకటి చూపించండి!

ఆసుపత్రికీ, మండలాఫీసుకీ వచ్చిన మనోళ్ళు సంచి అక్కడ పెట్టి పోయేవాళ్ళు. ఏ ఊళ్ళో కూలి ఎంత ఇస్తున్నారు, ఎవరిని ఏ ఆసామి కొట్టాడు, మీటింగు ఎప్పుడు, అన్నీ అక్కడే తెలిసేవి. చదువొచ్చిన కుర్రాడు కరపత్రం పైకి చదివితే పదిమంది వినేవాళ్ళు. అర్జీలు అక్కడే రాసుకున్నాం.

ఈ వృత్తిని నెత్తిన పెట్టుకోమని మేం అనడం లేదు. కులం మన మీద రుద్దిన పని ఇది. పిల్లలు చదువుకుని వదిలేస్తే సంతోషమే. కానీ మనం వదల్లేదు, మన చేతిలోంచి జారిపోయింది. కరెంటు మోటార్లొచ్చి తోలు మోటబొక్కెన పోయింది. రబ్బరు చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు వచ్చి కుట్టే పని పోయింది. లందలు పూడిపోయాయి. తోలు వ్యాపారం పెద్ద పెట్టుబడుల చేతికి చేరింది. మిగిలిన ఆ గోనెపట్టాను రోడ్డు వెడల్పు చేస్తూ పీకేస్తున్నారు. కాంప్లెక్సులో గది కావాలంటే డిపాజిట్టు కట్టాలి, వేలం పాడాలి. చెప్పు కుట్టేవాడు ఎక్కడ తెస్తాడు?

కమ్యూనిటీ హాలుంది గదా అంటారు. తాళం ఎవరి దగ్గరుంది? చాలాచోట్ల అది తెరిచేది ఏప్రిల్ 14న. ఫోన్లున్నాయి గదా అంటారు. ఫోన్లో కబురొస్తుంది గానీ, చదువురాని ముసలమ్మకు అర్జీ రాసిపెట్టే మనిషి ఎదురుగా ఉండడు.

సంఘాల వాళ్ళు ఒక పని చెయ్యండి. పట్టణాల్లో అయితే 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే అయ్యేదాకా ఎవరినీ లేపగూడదు, ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. చెప్పులు కుట్టేవాళ్ళూ ఆ చట్టం కిందికే వస్తారు. పల్లెటూళ్ళలో అయితే బస్టాండు దగ్గర జాగా కోసం పంచాయతీకి అర్జీ పెట్టండి. ఒక్కడే పోతే కసిరి పంపుతారు. పదిమంది పోండి, అర్జీ అందినట్టు సంతకం తీసుకునే రండి.