నోరు మంచిదైతే ఊరు మంచిది – మరి వలసపోయిన ఊరి మాటేమిటి?

ప్రతి ఏడూ ఈ సంచికలో చదువుల గురించి, ఉద్యోగాల గురించి, హాస్టల్ సమస్యల గురించి రాసుకుంటూ వస్తున్నాం. ఈసారి మేము పళ్ళ గురించి రాయదలచుకున్నాం. నవ్వకండి. పంటి నొప్పితో ఒక్క రాత్రి జాగారం చేసినవాళ్ళెవరూ ఈ విషయాన్ని చిన్నదని అనరు.

హాస్టల్లో చేరిన మొదటి రోజు గుర్తుందా? ఒక ట్రంకు పెట్టె, ఒక కంచం, ఒక గ్లాసు, ఒక బ్రష్షు. మాలో చాలామందికి అదే జీవితంలో మొదటి బ్రష్షు. అంతకుముందు ఇంటి దగ్గర వేపపుల్ల, అది దొరక్కపోతే బొగ్గు, కచ్చిక, ఇటుకపొడి. కాస్మెటిక్ చార్జీల పుణ్యమా అని సబ్బు, నూనెతో పాటు పేస్టు కూడా మన చేతికి వచ్చింది. సీనియర్ అన్నలు కుళాయి దగ్గర నిలబెట్టి తోమడం నేర్పారు. అలా మన పళ్ళు బాగుపడ్డాయి. కానీ మన అమ్మానాన్నల పళ్ళు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. అవి కూడా వలస పోయాయి.

మనలో సగంమంది వలస కూలీల పిల్లలం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్ళు ఊడ్పులకూ కోతలకూ గోదావరి జిల్లాలకు పోతారు, మిరప కోతలకు గుంటూరు వైపు పోతారు. ఆ రైళ్ళు మన దువ్వాడ మీదుగానే వెళతాయి. ప్లాట్‌ఫారం మీద బియ్యం మూటలు, గిన్నెలు, చంటిపిల్లలతో కూర్చున్నవాళ్ళను మనం చూస్తూనే ఉంటాం. ఆ మూటల్లో కొడవలి ఉంటుంది, చుట్టల కట్ట ఉంటుంది. బ్రష్షు మాత్రం ఉండదు.

మొన్న పెద్ద పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు మాలో ఒకరి అమ్మ చెంప వాచి వచ్చింది. మిరప చేలో ఉండగా దవడ పన్ను నొప్పి మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళితే ఒక రోజు కూలి పోతుంది, పైగా మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఉంది. అందుకని పుచ్చిన పంటిలో పొగాకు ముక్క పెట్టుకుని రెండు వారాలు కోత కోసింది. "ఏటి సేత్తాం బాబూ, పన్ను నొప్పని కూర్చుంటే కూలి ఎవుడిత్తాడు?" అంది. చివరికి పన్ను పీకించుకోవాల్సి వచ్చింది. చారాణా ఖర్చుతో పోయేదానికి బారాణా పెట్టాల్సి వచ్చింది, పైగా పన్ను కూడా పోయింది.

దీనికి ఆమె అజ్ఞానమే కారణమని తేల్చేయడం సులభం. మేము అలా అనుకోవడం లేదు. చేలో తాగడానికే నీళ్ళు డ్రమ్ములో మోసుకొస్తారు, ఇక పుక్కిలించడానికి ఎక్కడివి? ఆకలి చంపుకోవడానికి రోజుకు నాలుగైదుసార్లు తియ్యటి టీ, అందులో బిస్కట్టు. గట్టు మీద పడుకోబెట్టిన పిల్ల ఏడవకుండా నోట్లో పిప్పరమెంటు. నోట్లోని సూక్ష్మజీవులు ఆ తీపిని తిని ఆమ్లం తయారు చేస్తాయి, ఆ ఆమ్లమే పంటిని తొలిచేస్తుంది. ఎంత తీపి తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఈ సంగతి చెప్పేవాళ్ళు ఆ చేలోకి ఎవరూ వెళ్ళరు.

ఇక మన ప్రాంతానికే పేరు తెచ్చిన దురలవాటు ఒకటుంది. అదే అడ్డపొగ. చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని పీల్చడం. ఉత్తరాంధ్ర తీరంలో మన అవ్వలు, అమ్మలు ఎంతోమంది దీనికి అలవాటు పడ్డారు. గాలికి చుట్ట ఆరిపోదని, నుసి చంటిపిల్ల మీద పడదని, పని చేసుకుంటూ కాల్చుకోవచ్చని చెబుతారు. మామూలుగా అంగిలికి కాన్సరు రావడం అరుదు, కానీ అడ్డపొగ తాగేవారికి అక్కడే వస్తుంది. చుట్టకూ కాన్సరుకూ ఉన్న సంబంధం గురించి డాక్టర్ ఖనోల్కర్ 1945లోనే రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది పల్లెవాసుల నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలిలో వచ్చే మార్పులను బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించారు. అంటే మన అవ్వల నోటి గురించి లండన్‌లో చదివారు. మన ఊళ్ళో మాత్రం చదివి చెప్పినవాళ్ళు తక్కువ.

చెబితే వింటారా అని కొందరు పెదవి విరుస్తారు. వింటారు. దానికి మన శ్రీకాకుళమే సాక్ష్యం. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు వాడేవారి మధ్య పరిశోధకులు పనిచేశారు. ఇల్లిల్లూ తిరిగి, నోరు తెరిపించి చూసి, ఒక్కొక్కరితో మాట్లాడారు. 1986లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అలా చెప్పిన చోట పొగాకు మానినవారు, తగ్గించినవారు ఎక్కువయ్యారు. అక్షరం ముక్క రాని మన అమ్మలే ఆ మాట విన్నారు. తేడా ఎక్కడుందంటే, గోడ మీద పోస్టరు అంటించి పోలేదు, ఎదురుగా కూర్చుని మాట్లాడారు.

ఇప్పుడు ప్రభుత్వం 30 ఏళ్ళు దాటినవారికి నోటి కాన్సరు పరీక్ష చేయాలని పెట్టింది. మంచిదే. కానీ ఏఎన్ఎం గారు మా ఊరు వచ్చేసరికి మా అమ్మ గుంటూరు చేలో ఉంటుంది. గుంటూరు ఏఎన్ఎం గారి రిజిస్టరులో మా అమ్మ పేరు ఉండదు. రెండు చోట్లా లేని మనిషిని ఎవరు చూస్తారు? 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు ఉచితంగా వైద్య సౌకర్యం కల్పించాలని చెప్పింది. అది రాష్ట్రం దాటి వెళ్ళినవారి కోసం. శ్రీకాకుళం నుంచి గుంటూరు వెళితే రాష్ట్రం దాటినట్టు కాదు కదా!

అమెరికాలో పొలాల వెంట తిరిగే వలస కూలీల కోసం 1962లోనే ప్రత్యేక ఆరోగ్య చట్టం చేశారు. అక్కడ స్పానిష్ మాట్లాడే కూలీల్లోంచే కొందరికి శిక్షణ ఇచ్చి ఆరోగ్య సలహాదారులుగా తయారు చేస్తారు. వారిని 'ప్రోమోతోరా' అంటారు. తన భాష మాట్లాడే మనిషి, తనలాంటి కూలి మనిషి చెబితే ఎవరైనా వింటారన్నదే దాని కిటుకు. మరి మన వలస కూలీలకు అలాంటివాళ్ళు ఎవరు? మనమే. వాళ్ళ భాష మనది, వాళ్ళ ఇల్లు మనది. బడిలో చదువుకున్న సైన్సు కూడా మన దగ్గర ఉంది.

అందుకని మేము కోరేది ఇది. పెద్ద పండగకు వలసవాళ్ళందరూ ఊళ్ళో ఉంటారు. నోటి పరీక్షల శిబిరాలు అప్పుడు పెట్టండి, వాళ్ళు లేనప్పుడు కాదు. మేస్త్రి ఇచ్చే సామాన్లలో మనిషికో బ్రష్షు, ఫ్లోరైడు పేస్టు చేర్చాలి. పంటి నొప్పికి ఆసుపత్రికి వెళ్ళిన రోజు కూలి కోయకూడదు. ప్రతి హాస్టల్లోనూ జరిగే ఆరోగ్య పరీక్షలో పళ్ళు కూడా చూడాలి.

ఇక సోదర విద్యార్థులారా, ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ వంతుగా ఇవి చెప్పండి. రాత్రి పడుకునే ముందు తోమడం పొద్దున తోమడం కన్నా ముఖ్యం. ఇటుకపొడి, బొగ్గు పంటిని తెల్లగా చేయవు, అరగదీస్తాయి. చిగుళ్ళ నుంచి రక్తం వస్తే తోమడం మానకూడదు, మెత్తటి బ్రష్షుతో మెల్లగా తోమాలి. పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్నది వట్టి అపోహ. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోతాయని వదిలేయకూడదు, అవి పుచ్చితే పిల్ల తిండి తినదు, నిద్ర పోదు. నోట్లో తుడిచినా పోని తెల్ల మచ్చ గానీ ఎర్ర మచ్చ గానీ ఉన్నా, రెండు మూడు వారాలకు మానని పుండు ఉన్నా, గుట్కా తినేవారికి నోరు సరిగా తెరుచుకోకపోయినా ఆలస్యం చేయవద్దు. మనకు దగ్గరలోనే, అగనంపూడిలో, టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉంది. తొలి దశలో చూపిస్తే నోటి కాన్సరుకు చికిత్స ఉంది. చుట్ట మానమని మీ అవ్వను కసురుకోకండి, పక్కన కూర్చుని నోరు తెరవమని అడిగి, టార్చి వేసి అంగిలి చూడండి. మీరు చూసింది ఆమెకు చెప్పండి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీలో డాక్టర్లు, నర్సులు, టీచర్లు, స్టీల్‌ప్లాంటు ఉద్యోగులు ఉన్నారు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మాకు పుస్తకాలు, ఆట సామాను ఇస్తున్నారు, సంతోషం. వచ్చే ఏడు ఒక దంత వైద్యుడిని కూడా వెంట తీసుకురండి. మా అమ్మానాన్నలను మేము పిలుస్తాం.

పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవని సామెత. మన ఇళ్ళలో అది సామెత కాదు, జరుగుతున్న సంగతి. మనం చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, మొదటి జీతంతో అమ్మకు శనగలు కొనిపెట్టే రోజు తప్పకుండా వస్తుంది. ఆ రోజుకు ఆమె నోట్లో వాటిని నమిలే పళ్ళు ఉండాలి. అందుకే ఈ మాట ఇప్పుడు రాస్తున్నాం.