బీరుకి లెక్కుంది, అంబలికి లేదు!

ముందే చెప్పేస్తున్నా, ఇది తాగుడు గురించి కాదు. తిరుపతిలో కూర్చుని బీరు గురించి రాయడమేంటని తిట్టుకునేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఇది రాసుకోవడం గురించి. ఆఫీసులో ఒక్క అక్షరం మార్చినా టికెట్టు పెట్టే మనం, ఇంట్లో మాత్రం అంతా ఉజ్జాయింపుగా లాగించేయడం గురించి.

న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో నేను ఇంట్లోనే బీరు తయారు చేసేవాణ్ణి. అక్కడ అది తప్పేం కాదు. 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యమా అని, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి పన్ను లేకుండా చేసుకోవచ్చు. మన దగ్గర 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా చేస్తే నేరం. అందుకే తిరిగొచ్చేటప్పుడు సరంజామా అంతా అక్కడే ఒక మిత్రుడికి ఇచ్చేసి, నోటుపుస్తకం ఒక్కటి తెచ్చుకున్నా.

ఆ పుస్తకం ఎందుకు మొదలెట్టానో చెప్తా. మొదటి ఆరు బ్యాచ్‌లకీ నేనొక్క ముక్క రాయలేదు. అన్నీ బుర్రలో ఉంటాయనే ధీమా! నాలుగో బ్యాచ్ అద్భుతంగా కుదిరింది. తాగినవాళ్ళంతా మళ్ళీ అదే చెయ్యమన్నారు. చేశా. ఐదోది అరటిపండు వాసన కొట్టింది. ఆరోదాని సీసాలు అర్ధరాత్రి బేస్‌మెంట్లో టపాటపా పేలాయి. నాలుగోసారి ఏం చేశానో, తర్వాత ఏం మార్చానో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఈస్టు మారిందా? గది వేడెక్కిందా? సీసాల్లో చక్కెర ఎక్కువైందా? పులియడం పూర్తి కాకుండానే మూత బిగించానా? ఆ నాలుగో బీరు నాకు మళ్ళీ దక్కలేదు.

ఏడో బ్యాచ్ నుంచి రాయడం మొదలెట్టా. మన జాతి లక్షణం కదా, వెంటనే ఎక్సెల్ తెరిచి ముప్ఫై కాలమ్‌లు పెట్టేశా. హాప్స్ ప్యాకెట్ ఏ కంపెనీది, నీళ్ళలో కాల్షియం ఎంత, గిన్నె ఏ సైజు... అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఒక్కటే. "తాగితే ఎలా ఉంది?" అన్న కాలమ్ లేదు! :-)

నవ్వకండి. మన ప్రాజెక్టుల్లో సగం లాగులు ఇలాంటివే. గిగాబైట్ల కొద్దీ రాస్తాం, సర్వర్ పడిపోయిన రోజు అందులో కావల్సిన లైను ఒక్కటీ ఉండదు. రాయడం వేరు, పనికొచ్చేలా రాయడం వేరు. చివరికి నా పద్ధతి పుస్తకంలో ఒక పేజీకి దిగింది. తొమ్మిదో బ్యాచ్ పేజీ ఇలా ఉంటుంది: 5 గ్యాలన్లు. పులియక ముందు గ్రావిటీ 1.052. బేస్‌మెంట్ 19 డిగ్రీలు. 14 రోజుల తర్వాత గ్రావిటీ 1.012, అంటే ఆల్కహాల్ సుమారు 5.2 శాతం. మూడు వారాల తర్వాత రుచి: చేదు తక్కువ, అరటిపండు వాసన లేదు. ఈసారి మార్చింది: వేడి మాత్రమే. వచ్చేసారి మార్చేది: హాప్స్ మాత్రమే.

ఇంతే. ఏం చేశాం, ఏమైంది, వచ్చేసారి ఏం మారుస్తాం. ఈ మూడో ముక్క లేకపోతే అది రికార్డు కాదు, డైరీ. ఒకేసారి మూడు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మనం కోడ్ రివ్యూల్లో జూనియర్లకి రోజూ దంచే ఉపన్యాసమే ఇది!

బీరుకి ఇంత శాస్త్రమా అనకండి. మీరు ఏ/బీ టెస్టు రిపోర్టుల్లో వాడే 'స్టూడెంట్స్ టీ టెస్టు' పుట్టిందే బీరు కంపెనీలో. విలియం గోసెట్ అనే ఆయన 1899లో డబ్లిన్‌లో గిన్నిస్‌లో చేరాడు. బార్లీ నమూనాలు నాలుగో ఐదో ఉంటే వాటి నుంచి ఎంతవరకు నమ్మొచ్చు అన్నది ఆయన సమస్య. సొంత పేరుతో వ్యాసాలు అచ్చేసుకోడానికి కంపెనీ ఒప్పుకోదు కాబట్టి 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో ప్రచురించాడు. తక్కువ బ్యాచ్‌లు చేసేవాడికే లెక్క ఎక్కువ కావాలి అని నాకర్థమైంది అక్కడే.

సరే, అవతలి పార్టీ వాదన కూడా చూద్దాం. "మా పెద్దవాళ్ళు ఏం రాసుకున్నారయ్యా? అంతా చేతి గుణం!" అంటారు. నిజమే. పాకాల దగ్గర మా ఊళ్ళో బెల్లం వండే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. థర్మామీటర్ లేదు, కాగితం లేదు. కాగుతున్న పాకం కొంచెం చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ముద్ద చేసి చూసి "దించండ్రా" అనేవాడు. పాకం అప్పుడు 118 డిగ్రీల దగ్గర్లో ఉంటుందని పుస్తకాలు చెప్తాయి. ఆయన వేళ్ళకి అది తెలుసు.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఆయన సీజన్లో రోజూ వండేవాడు, అదే పెనం మీద, అదే పొయ్యి మీద. నిన్న చేసిన తప్పు ఇవాళ దిద్దుకునేవాడు. పైగా పక్కనే ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. ఆ చూపే ఆయన రికార్డు. మరి మనమో? నెలకోసారి చేస్తాం. మన పక్కన నిలబడేవాడు లేడు. ఆయన పక్కన నిలబడాల్సిన కుర్రాళ్ళు కూడా ఇప్పుడు మనలాగే చెన్నైలో, బెంగుళూర్లో స్టాండప్ మీటింగుల్లో నిలబడి ఉన్నారు. చేతి గుణం గొప్పదే, కాదనను. అది చేతితో పాటే పోతుంది, నా ఏడుపంతా అదే.

ఎందుకింత ఉక్రోషం అంటారా? మా అవ్వ రాగి అంబలి చేసేది. రాగిపిండి నీళ్ళల్లో కలిపి, మట్టికుండలో రాత్రంతా పులవబెట్టి, మర్నాడు ఉడికిన నూకల్లో పోసి కాచేది. చల్లారాక మజ్జిగ పోసుకుని, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగితే చిత్తూరు ఎండ కూడా చల్లగా ఉండేది. నేను అమెరికాలో ఉండగా అవ్వ పోయింది. ఆ సంవత్సరం నా పుస్తకంలో బీరు గురించి పద్నాలుగు పేజీలున్నాయి. అవ్వ అంబలి గురించి ఒక్క లైను లేదు. ఫోన్లో అడిగితే చెప్పేదే కదా! అడగలేదు.

ఇప్పుడు అమ్మని అడుగుతున్నా. "నీళ్ళెన్ని పోస్తావమ్మా?" అంటే "పట్టినన్ని" అంటుంది. "ఎన్ని గంటలు పెట్టాలి?" అంటే "పులిసే దాకా". అందుకే తక్కెడ కొన్నా. అమ్మ చేత్తో వేసిన పిండి కుండలో పడకముందే తూస్తున్నా. "తినేదానికి కూడా ఆడిటింగ్ ఏంది నాయనా?" అని మొదటి రెండుసార్లు విసుక్కుంది. మే నెల వేడికీ డిసెంబరు చలికీ పులిసే గంటల్లో ఎంత తేడా ఉందో పుస్తకంలో పక్కపక్కన చూపించాక, ఈ మధ్య తనే అడుగుతోంది, "పోయిన తూరి ఎంతసేపు పెట్టినాం, చూడు రా" అని.

ఎనిమిది పేజీలయ్యాయి. అవ్వ చేసిన రుచి ఇంకా రాలేదు. ఆరోదానికి దగ్గరకొచ్చిందని అమ్మ అంది. అదే నిజమైతే ఆరో పేజీ నా దగ్గరుంది, అక్కణ్ణుంచి మొదలెడతా.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ ఇంట్లో ఊరగాయో, దోసెల పిండో, ఊరిబిండో... మీ అమ్మ చేసేది ఏదో ఒకటి ఉంటుంది కదా. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు "ఎలా ఉన్నావు, తిన్నావా" అయ్యాక ఇంకో ప్రశ్న అడగండి. "పట్టినంత" అంటే ఒప్పుకోకండి. ఎన్ని గ్లాసులో, ఏ గ్లాసుతోనో అడిగి రాసుకోండి. యాప్‌లూ, ఎక్సెల్ టెంప్లేట్లూ వెతుక్కుంటూ మళ్ళీ నెల రోజులు గడిపేయొద్దు. పాత క్యాలెండరు వెనకవైపు చాలు.