మంత్రాలయం దాకా వచ్చినవాళ్లు ఆదోని ఎందుకు చూడరు?

పెళ్లయిన కొత్తలోనో, పిల్లలు స్థిరపడ్డాకనో ఆలుమగలిద్దరూ రోము, ఫ్లారెన్సు, వెనిస్ చూసి రావడం తెలుగు మధ్యతరగతికి ఇప్పుడు వింత కాదు. అందులో తప్పూ లేదు. ఇంటి దగ్గరున్నవి చూడకుండా దేశాలు తిరుగుతున్నారని దెప్పడం తేలికే గాని దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ ఉండదు. అడగాల్సింది వేరే ఉంది. ముక్కూ మొహం తెలియని ఊళ్లో ఇద్దరు మనుషులు రైలు దిగి, ఎవరి సాయం లేకుండా రెండువేల ఏళ్ల చరిత్రను నడిచి చూసి రాగలుగుతున్నారంటే ఆ ఏర్పాటు ఎక్కడి నుంచి వచ్చింది? పర్యాటక శాఖలు పుట్టకముందే అక్కడ పుణ్యయాత్ర ఉంది. 1300లో ఎనిమిదో బోనిఫేస్ పోపు మొదటి జూబిలీ ప్రకటిస్తే పాపక్షమ కోరి జనం రోముకు తరలివచ్చారు. అంతకు ముందే, పన్నెండో శతాబ్దంలో, ఆ నగరపు అద్భుతాలను వివరిస్తూ లాటిన్‌లో ఒక పుస్తకం వెలువడింది. చర్చిలతో పాటు పాత రోమన్ల కట్టడాల గురించీ అందులో ఉంది. దేవుడి కోసం వచ్చినవాడికి ఊరిని కూడా చూపించాలన్న ఆలోచన అంత పాతది.

ఆ ఆలోచన పశ్చిమ కర్నూలుకు అతికినట్టు సరిపోతుంది. నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని వైపు మొగుడూ పెళ్లాం కలిసి వేసే ప్రయాణమంటే చాలావరకు మంత్రాలయమో, ఉరుకుంద ఈరన్న స్వామి గుడో. శ్రావణంలో ఆ రెండుచోట్లా కాలు పెట్టడానికి సందుండదు. కర్ణాటక నుంచి వచ్చే భక్తులకైతే లెక్కే లేదు. మంత్రాలయంలో ప్రతివాళ్లూ వినే కథ ఒకటుంది. ఆదోని నవాబు రాఘవేంద్రస్వామిని పరీక్షించాలని గుడ్డ కప్పిన పళ్లెంలో మాంసం పంపాడు, గుడ్డ తీస్తే పండ్లు కనిపించాయి, నవాబు తలవంచి మంచాల గ్రామాన్ని ఇచ్చాడు. ఆ మంచాలే ఇప్పటి మంత్రాలయం. రాఘవేంద్రస్వామి 1671లో అక్కడే బృందావన ప్రవేశం చేశారు. కథలోని నవాబు ఆదోనిని ఏలిన బీజాపూర్ సర్దారు సిద్ది మసూద్ ఖాన్. ఆయన కట్టించిన జామియా మసీదు ఆదోనిలో ఇప్పటికీ నమాజులతో కళకళలాడుతోంది. మంత్రాలయం రోడ్డు, ఆదోని స్టేషన్లు రెండూ రాయచూరు–గుంతకల్లు రైలుమార్గం మీదివే. అయినా కథలో సగం విన్న భక్తుడు మిగతా సగం చూడకుండానే ఇల్లు చేరుతున్నాడు. ఇది మనం కోల్పోతున్న అవకాశమని నా గట్టి నమ్మకం.

ఆదోనిలో చూడటానికి ఏముంది అంటారు. విజయనగర రాజుల కాలంలో పేరున్న కోట, ఆ తర్వాత బీజాపూర్ ఆదిల్‌షాహీల చేతికి, 1680ల చివర ఔరంగజేబు సేనల చేతికి వెళ్లింది. మొగలు సేనాని ఫిరంగులు మసీదు వైపు తిప్పేసరికి, ప్రాణం కన్నా ఎక్కువగా ప్రేమించిన ఆ కట్టడం కూలడం చూడలేక మసూద్ ఖాన్ కోటను వదులుకున్నాడని చెబుతారు. ఒక భవనాన్ని కాపాడటానికి రాజ్యాన్ని వదిలిన పాలకుడి గాథ ఇటలీలోని ఏ ఊరికైనా ఉంటే ఆ ఊరి పిల్లలందరికీ నోటికొచ్చేది. తర్వాత నిజాం సోదరుడు బసాలత్ జంగ్ ఇక్కడి నుంచే జాగీరు నడిపాడు, ఆయన సమాధీ ఇక్కడే ఉంది. 1786లో టిప్పు సుల్తాన్ కోటను పట్టి బురుజులు పడగొట్టించాడు. 1800లో దత్తమండలాలతో పాటు ఆదోని ఈస్టిండియా కంపెనీకి పోయింది, 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉంది. ఇన్ని పొరలున్న ఊరు రోము కానక్కర్లేదు. కోట కొండ దగ్గర వచ్చినవాళ్లకు ఈ సంగతులు తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో చెప్పే బోర్డులు, చదువుకున్న కుర్రవాడొకడు తోడు ఉంటే చాలు.

మంత్రాలయం మఠానికి వచ్చిన భక్తులు మసీదుకు వెళతారా అన్న సందేహం దీనికన్నా బరువైనది. మొదట గౌరవించాల్సింది అక్కడ ప్రార్థన చేసేవాళ్లను. నమాజు వేళల్లో సందర్శకులు ఉండకూడదు, ఎక్కడిదాకా రావచ్చో మసీదు పెద్దలే నిర్ణయించాలి. రోము చర్చిల్లోనూ ఇంతే. పాంథియన్ రోమన్ దేవతల ఆలయంగా పుట్టి, 609లో చర్చి అయింది. 2023లో చూడవచ్చినవాళ్లకు 5 యూరోల టికెట్ పెట్టారు, ప్రార్థనకు వచ్చినవాళ్లకు టికెట్ లేదు. ఇక ఇష్టాయిష్టాల మాట. గురువు నవాబు చేతి దానాన్ని స్వీకరించాడన్న కథను మూడున్నర శతాబ్దాలుగా భక్తితో వింటున్నవాళ్లకు ఆ నవాబు ఊరు పరాయిది ఎందుకవుతుంది?

జనం ఎక్కువైతే ఊరు చెడుతుందనేవారు వెనిస్‌ను చూపిస్తారు. అది నిజం. 1951లో 1,75,000 మంది దాకా ఉన్న పాత నగరంలో ఇప్పుడు 50,000 మంది కూడా లేరు. పూట చూసి పోయేవాళ్ల మీద 2024లో రుసుము పెట్టాల్సి వచ్చింది. అదే దేశంలోని బొలోన్యా మాత్రం 1970లలో పాత ఇళ్లను బాగుచేయించి అందులో ఉన్న శ్రమజీవులను అక్కడే ఉంచాలని నగరపాలనే పూనుకుంది. కోట కింద పేటల్లోని పేదవాళ్లను కదిలించే ఏ పథకాన్నీ ఆదోని ఒప్పుకోకూడదు. పైగా ఆదోనికి పత్తి మార్కెట్ ఉంది, జిన్నింగ్ మిల్లులున్నాయి. కేవలం యాత్రికుల మీద బతికే ఊరు కాదు కాబట్టి ఆ ముప్పు ఇక్కడ తక్కువ.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసే అభ్యంతరం సుగ్గిది, అంటే కూలి కోసం పోయే వలసది. వాన మొహం చాటేసిన ఏడాది నందవరం, కోసిగి, కౌతాళం ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇళ్లకు తాళాలేసి గుంటూరు మిరప కోతలకు పోతుంటే, ఈ కోటల గొడవ ఎవరికి కావాలి? పొలానికి నీళ్లు రావడమే ముందు. ఇదేదీ దానికి బదులు కాదు. కానీ బోర్డులకు, మంచినీళ్లకు, మరుగుదొడ్లకు అయ్యే ఖర్చు ఏ సాగునీటి పనినీ ఆపేది కాదు, వచ్చే నాలుగు డబ్బులు ఆటో నడిపేవాడికి, ఉగ్గాని బజ్జీ అమ్మే ఆమెకు నేరుగా చేరతాయి. ఎమ్మిగనూరు సంగతే చూడండి. మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన చేనేత సహకార సంఘం ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది. వెనిస్ వెళ్లినవాళ్లు మురానో దీవిలో గాజు ఊదడం కళ్లారా చూసి, వస్తువు కొనుక్కుని వస్తారు. మంత్రాలయం నుంచి తిరిగిపోయే కుటుంబం ఎమ్మిగనూరులో మగ్గం ముందు అరగంట నిలబడి ఒక దుప్పటి కొనగలిగితే ఆ నేతగాడికి దళారి అక్కర్లేదు.

మొదటి అడుగు మఠం, మున్సిపాలిటీ, ఆర్టీసీ కలిసి వేయదగ్గదే. పొద్దున మంత్రాలయంలో దర్శనం, ఎమ్మిగనూరులో మగ్గాలు, మధ్యాహ్నం దాటాక ఆదోని మసీదు వీధి, ఎండ తగ్గాక కోట కొండ, రాత్రి రైలు. ఈ దారిన శని ఆదివారాల్లో ఒక్క బస్సు చాలు. ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉంది గనుక అదే సదుపాయం ఈ బస్సులోనూ ఇస్తే నందవరం దంపతులకు అయ్యేది ఒక్క టికెట్టే. వచ్చే శ్రావణంలోపే మొదలుపెట్టవచ్చు.