ఫొటోలో లేని నాన్న

బహదూర్‌పురాలో మాకు తెలిసిన ఒక యువజంట పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకుంది. తెల్లవారుజామున చార్మినార్ దగ్గర కొన్ని, సాయంత్రం దుర్గం చెరువు తీగల వంతెన దీపాల వెలుగులో మరికొన్ని. ‘మా గల్లీ మాత్రం కనబడకూడదు’ అన్నది వధువు కోరిక. ఆ రోజంతా వాళ్లను తిప్పింది ఆమె తండ్రి ఆటో. వెళ్లిన ప్రతిచోటా ఫొటోగ్రాఫర్ ఆయనతో అన్నమాట ఒక్కటే: ‘అంకుల్, ఆటో కాస్త పక్కకు పెట్టండి.’ ఈ సంగతి ఆయనే నవ్వుతూ మాకు చెప్పారు. ఆ ఫొటోల కోసం అప్పు తెచ్చిందీ ఆయనే. ఆల్బం చూసి మేమూ ‘చాలా బాగుంది’ అన్నాం. అందులో నగరమంతా ఉంది కాని, నాన్న లేడన్న సంగతి ఇంటికొచ్చాకే మాకు తట్టింది.

ఫొటోలు దిగడం తప్పని మేమనడం లేదు. ఒకప్పుడు మన పెద్దలు స్టూడియోలో రంగుల తెర ముందు నిలబడి దిగేవారు. ఇప్పుడు నగరమే తెర అయింది. తెర మారితే నష్టం లేదు. తెర కోసం మన మనుషుల్ని పక్కకు తప్పిస్తేనే నష్టం. తలిదండ్రులను గౌరవించాలన్నది పది ఆజ్ఞల్లో ఒకటి. పెళ్లినాడు దానికి సెలవు లేదు.

కానా ఊరి పెళ్లి గురించి యోహాను సువార్త 2వ అధ్యాయంలో చదువుతాం. విందు మధ్యలో ద్రాక్షారసం అయిపోయింది. యేసుప్రభువు చెప్పినట్టు పరిచారకులు ఆరు రాతిబానలను అంచులదాకా నీళ్లతో నింపారు. ఆ నీరే ద్రాక్షారసమైంది. విందు ప్రధాని రుచి చూసి మెచ్చుకున్నాడు గాని, అదెక్కడిదో ఆయనకు తెలియదు. నీళ్లు మోసిన పరిచారకులకే తెలుసు. సువార్తికుడు పెళ్లికొడుకు పేరు రాయలేదు, పెళ్లికూతురి ఊసే ఎత్తలేదు. బరువు మోసినవారిని మాత్రం మరువలేదు. ప్రభువు మొదటి సూచకక్రియను ఎరిగిన భాగ్యం వారికి దక్కింది.

మన జూపార్కు పక్కనే మీర్ ఆలం చెరువుంది. అందరూ నీటి అందమే చూస్తారు. ఆ నీటి బరువును రెండు శతాబ్దాలుగా మోస్తున్నది 21 కమానుల రాతికట్ట. కట్ట లేకపోతే చెరువే లేదు. కాపురమూ అంతే. దాన్ని నిలబెట్టేవారు తరచుగా ఫొటోలో ఉండరు.

ఈ మాటలే ఆ అమ్మాయితో అన్నాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘పెళ్లినాడు చర్చికి నాన్న ఆటోలోనే వస్తానండీ, దాని పక్కనే ఫొటో దిగుతాను’ అంది. ఇది రాయడానికి ఒప్పుకున్నదీ ఆమే.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లోనూ పెళ్లి ఆల్బం ఉంటుంది. ఈ రోజు ఒకసారి తెరిచి చూడండి. మీ కోసం నీళ్లు మోసినవారిలో అందులో లేనివారెవరో గుర్తు చేసుకోండి. వారు ఇంకా మన మధ్య ఉంటే, సాయంత్రం లోపల వెళ్లి పలకరించి రండి.