‘మూన్‌లైట్’ మీద మోపిన నింద

రక్తపిశాచిని ప్రేమికుడిగా మలిస్తే అతని పట్ల ఉండవలసిన భయం చచ్చిపోతుందనీ, అతన్నే డిటెక్టివ్‌గా నిలబెడితే అపరాధ పరిశోధన కూడా పలచబడి చివరికి కాలక్షేపపు ప్రేమకథ మిగులుతుందనీ ఒక అభిప్రాయం విమర్శలో పాతుకుపోయింది. 2007 సెప్టెంబరు నుంచి 2008 మే వరకు అమెరికాలో సీబీఎస్ ఛానెల్ ప్రసారం చేసిన, 16 భాగాలతోనే ముగిసిపోయిన ‘మూన్‌లైట్’ ధారావాహిక మీద ఈ నిందతో పాటు, అది రక్తపిశాచి డిటెక్టివే నాయకుడైన ‘ఏంజెల్’ (1999–2004) ధారావాహికకు నకలన్న మాట కూడా పడింది. ఈ రెండూ కథ పైపూతను చూసి ఇచ్చిన తీర్పులే.

రక్తపిశాచి డిటెక్టివ్ ‘ఏంజెల్’తో పుట్టినవాడు కాడు, 1992లో మొదలైన ‘ఫరెవర్ నైట్’ ధారావాహికలోనే శతాబ్దాల వయసున్న నిక్ నైట్ టొరంటోలో హత్యకేసులు పరిశోధించాడు. డిటెక్టివ్ కథకు ప్రేమ పరాయిదనడమూ చెల్లదు. నేరాన్నీ నైతిక సందిగ్ధతనూ చీకటి దృశ్యాలలో చిత్రిస్తూ 1940లలో హాలీవుడ్‌లో వికసించిన ‘ఫిల్మ్ నువార్’ ధోరణిలో ప్రేమే డిటెక్టివ్‌కు ఎదురయ్యే గట్టి పరీక్ష. ‘ది మాల్టీస్ ఫాల్కన్’ (1941)లో డిటెక్టివ్ శామ్ స్పేడ్ తాను మనసు పడిన స్త్రీనే పోలీసులకు అప్పగిస్తాడు.

‘మూన్‌లైట్’ ఈ పరీక్షను మరింత లోతుకు తీసుకువెళ్లింది. లాస్ ఏంజెలెస్‌లో ప్రైవేట్ డిటెక్టివ్‌గా బతికే మిక్ సెయింట్ జాన్‌ను 1952లో పెళ్లినాటి రాత్రే, అతని సమ్మతి లేకుండా, భార్య కోరలైన్ రక్తపిశాచిగా మార్చింది. అంటే ఈ కథకు మూలమైన నేరం ప్రేమ పేరుతోనే జరిగింది. కనుక ఇక్కడ ప్రేమ కథకు అలంకారం కాదు, విచారణకు వచ్చిన అసలు వ్యవహారం. ఎడారిలో ఎండకు సోలి చావుకు దగ్గరైన మిక్‌కు అతను ప్రేమించే విలేకరి బెత్ టర్నర్ తన రక్తం ఇవ్వజూపినప్పుడు, తాగడం మొదలుపెడితే ఆగలేనేమోనని అతను వెనకాడతాడు. ఆ సన్నివేశంలో ప్రేమ భయాన్ని తగ్గించకపోగా దానికి కారణమవుతుంది. తుపాకి గుండ్లు తగిలి చనిపోతున్న తన ప్రియుడు జాష్‌ను రక్తపిశాచిగా మార్చి బతికించమని బెత్ వేడుకున్నా, రెండవ ప్రపంచయుద్ధంలో నేర్చిన వైద్యంతో చివరిదాకా పోరాడిన మిక్ ఆ ఒక్క పనికి మాత్రం ఒప్పుకోడు. తరువాత తాత్కాలికంగా తిరిగి మనిషయ్యాక, బెత్‌ను కాపాడడానికి తనను మళ్లీ రక్తపిశాచిగా మార్చమని మిత్రుడు జోసెఫ్‌ను కోరతాడు. తన మీద బలవంతంగా రుద్దిన స్థితిని మరొకరి మీద రుద్దడానికి నిరాకరించినవాడే, దాన్ని తనకోసం తాను ఎంచుకోవడంలో ఈ ధారావాహిక నైతిక దృష్టి వ్యక్తమవుతుంది.

నిజమే, వారం వారం వచ్చే హత్యకథలలో చాలావరకు సాధారణమైనవే. బెత్‌ను పసితనంలో కోరలైన్ చెర నుంచి విడిపించిన మిక్, ఆమె పెరుగుతున్న కాలమంతా దూరం నుంచి కనిపెట్టుకుని ఉండి, ఆనక ఆమెను ప్రేమించడం ఇబ్బంది కలిగించే విషయమే. అయితే ఆ అభ్యంతరం ఒకరికి తెలిసినది మరొకరికి తెలియని అసమానతకు సంబంధించినదే గాని ప్రేమకథ అనే ప్రక్రియకు సంబంధించినది కాదు. పైగా బెత్ అతని నిజం తెలిసిన తరువాతనే అతనికి దగ్గరవుతుంది.

ప్రేమ ఉందా లేదా అన్నది రక్తపిశాచి కథకు గీటురాయి కాజాలదు. ఆ ప్రేమలో బలహీనుల సమ్మతికి విలువ ఉందా అన్నదే విమర్శ అడగవలసిన ప్రశ్న, ఆ ప్రశ్నను కథ నడిబొడ్డున నిలిపిన ‘మూన్‌లైట్’ను కాలక్షేపమని తోసిపుచ్చడం అన్యాయం.